మంచి కాలు

ప్రెక్ త్రల్, కంపాంగ్ థోమ్
14 జూన్ 1999

మేనకోడలు మాలిస్‌కి,

మీ మావయ్య యోయెన్ ఎవరి చేతా రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం ఇది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. మీ అమ్మ కులాసా, మీ అత్త ఫల్లీ కులాసా, పంది కూడా కులాసా. కులాసాగా లేనిది నేనొక్కణ్ణే.

సంగతేమిటంటే, ఈ ఏడు మన ఊరి బౌద్ధ విహారం పడవ నీటి పండగ పందేలకి మళ్ళీ రాజధాని వెళ్తోంది. మందుపాతర మీద కాలు వెయ్యకముందు ఆ పడవలో ఏటా తెడ్డు వేసినవాణ్ణి నేను. పడవ పెద్ద లున్ తాత దగ్గరికి వెళ్ళి నా చోటు నాకిమ్మన్నాను. ఆయన నన్ను చాప మీద కూర్చోబెట్టి, కొబ్బరి బొండం కొట్టించి, ఎంత మెత్తగా మాట్లాడాడంటే నాకు భయమేసింది. "నాయనా, పడవంతా నీదే అనుకో. నువ్వు ఒడ్డు మీద జెండా పట్టుకుని నిలబడితే మాకదే వెయ్యేనుగులు" అన్నాడు. "జెండా పట్టుకోడానికి వెదురుకర్ర చాల్దా తాతా? దానికి కాలు కూడా అక్కర్లేదు" అని లేచి వచ్చేశాను. బొండం మాత్రం తాగే వచ్చాను.

వచ్చేముందు ఒక మాట పుచ్చుకున్నాను. ప్చుమ్ బెన్ పండగలో పెద్దలకి పిండాలు పెట్టడం అయిపోగానే సాధన మొదలు. ఆ రోజు విహారం రేవు నుంచి పంటు రేవు దాకా తెడ్డు ఆపకుండా వేస్తే చోటిస్తానన్నాడు. వెయ్యలేనని ఆయనకి నమ్మకం కాబట్టే అంత తేలిగ్గా ఒప్పుకున్నాడు.

మార్చిలో నా కొత్త కాలు కోసం నువ్వు పనిచేసే కేంద్రానికి వచ్చినప్పుడు నేను చూశాను కదా, చెయ్యి లేని ఒకావిడ మొండి చేతికి తోలుపట్టీ బిగించి ఇనపగుండు ఎత్తుతోంది, నువ్వు పక్కన నిలబడి "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని ప్రాణం తీస్తున్నావు. నా ప్రాణం కూడా అలాగే తియ్యి. ఏం చెయ్యాలో రాసి పంపు. మీ కేంద్రం వ్యాన్ డ్రైవర్ చేతికి ఎండు చేపలు ఇచ్చాను, అందులో సగమన్నా నీకు అందుతాయని ఆశ.

నీ మేలు కోరే, ప్రస్తుతం నీ మేలు మీదే ఆధారపడ్డ
మావయ్య

*

బత్తంబాంగ్
2 జులై 1999

మావయ్యా,

చేపలు సగం కాదు, తోకలు అందాయి. అయినా సంతోషం.

నీ ఉత్తరం మా కసరత్తు గదిలో అందరికీ చదివి వినిపించాను. తోలుపట్టీ ఆవిడ నీకు దండాలు చెప్పమంది. ఇప్పుడు ఆవిడ ఆ చేత్తోనే బావిలోంచి నీళ్ళు తోడుతోంది. కాబట్టి కుదురుతుంది. కానీ నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. నీ బుర్ర వాడకు.

ఖాళీ పాలడబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో కర్ర గుచ్చి ఆరబెట్టు. అవే నీ గుండ్లు. పాత సైకిల్ ట్యూబు ఇల్లు నిలబడ్డ స్తంభాల్లో ఒకదానికి ఇంటికింద కట్టి, నేల మీద కూర్చుని తెడ్డు వేసినట్టు లాగు. మంచం అంచున కూర్చుని, మంచి కాలి మీద బరువు వేసి నెమ్మదిగా లే, నెమ్మదిగా కూర్చో. ఒక చెయ్యి స్తంభం మీద ఉండాలి. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తు. పడవలో తెడ్డు లాగేది చేతులే అనుకుంటారు గానీ నడుమూ తొడలే. కాలు పోయినవాళ్ళు చేతులు ఒక్కటే పెంచుకుని, నడుము సంగతి మర్చిపోతారు.

ముఖ్యమైనది ఇంకొకటి. రోజూ పడుకునేముందు అద్దంలో చూసుకో. ఇది ఎట్టి పరిస్థితిలోనూ మానకు.

నీ ప్రాణం తియ్యడానికి సిద్ధంగా ఉన్న
మాలిస్

*

ప్రెక్ త్రల్
28 జులై 1999

మాలిస్ తల్లీ,

అన్నీ నువ్వు చెప్పినట్టే నడుస్తున్నాయి. ఖాళీ పాలడబ్బాలు అన్నావు. మన ఊళ్ళో ఖాళీవి ఎక్కడ దొరుకుతాయి? నిండువి కొన్నాను. వాటిని ఖాళీ చెయ్యాలి కదా, అందుకని వారంపాటు పొద్దున్నా సాయంత్రం చిక్కటి తియ్యటి పాలు పోసుకుని కాఫీ తాగాను. బలం రావడానికి ముందు పొట్ట వచ్చింది. సిమెంటు మాత్రం విహారం గోడకి మిగిలినది అక్కడ పూజలు జరిపించే ఆచారి గారిని అడిగి తెచ్చాను. "దేనికిరా?" అన్నారు. "పాలడబ్బాల్లో పోసుకోడానికి" అన్నాను. అప్పటినుంచీ ఆయన నన్ను చూసినప్పుడల్లా నా తల మీద చెయ్యి పెట్టి ఏదో మంత్రం చదువుతున్నారు.

ట్యూబు కట్టాను. మొదటి రోజే అది తెగి, నేను వెనక్కి వెళ్ళి పంది మీద పడ్డాను. అది ఇప్పుడు నేను కూర్చోగానే లేచి దొడ్లోకి వెళ్ళిపోతుంది. మంచం అంచున లేవడం కూర్చోడం మాత్రం చాలా కష్టంగా ఉంది. మంచి కాలు వణికిపోతోంది. అయినా పళ్ళు బిగించి చేస్తున్నాను.

అద్దం సంగతే ఇంట్లో పెద్ద గొడవ తెచ్చింది. రోజూ పడుకునేముందు అద్దం ముందు కూర్చుని మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను. నాకైతే తేడా ఏమీ కనిపించలేదు, కుడిపక్క కాస్త మచ్చలున్నాయి, అవి పాతవే. మీ అత్త నాలుగు రోజులు ఊరుకుని, అయిదోరోజు చాప విసిరికొట్టింది. "కండలు పెంచడం, అద్దంలో చూసుకోడం, ఎవత్తె అది?" అంది. "మాలిస్ చూసుకోమంది" అన్నాను. "దాన్నడ్డం పెట్టుకుంటావా సిగ్గులేకుండా" అని రెండు రోజులు నాకు వట్టి ఊరేసిన చేపల ప్రహోక్ ముద్దా అన్నమే పెట్టింది. మొహం చూసుకుంటే బలం ఎలా వస్తుందో మీ అత్తకి నువ్వే ఒక ముక్క రాయి, లేకపోతే పండగలోగా నేను ఆకలితో పోతాను.

బక్కచిక్కిన, పొట్టపెరిగిన
మావయ్య

*

బత్తంబాంగ్
16 ఆగస్టు 1999

మావయ్యా,

మొహం కాదు! మొండి! తెగిన కాలి చివర చర్మం ఎర్రబడిందా, కందిందా, పుండు పడిందా అని అద్దం కిందపెట్టి చూసుకోమన్నాను. ఆ చివర నీ కంటికి ఆనదు కాబట్టి అద్దం. ఈ ముక్క అత్తకి చదివి వినిపించు. అత్తా, నీ మొగుడు అమాయకుడు, అన్నంలో కూర వెయ్యి.

ఇంకొక సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. మంచి కాలు వణుకుతోందని రాశావు. నీ ఎడమకాలు నాకు తెలుసు. మొన్న మార్చిలో ఆ ఒంటికాలి మీద నువ్వు వ్యాన్ టాపు మీదికి ఎక్కి బియ్యం బస్తా దింపావు. అలాంటి కాలు మంచం అంచున లేవడానికి వణకడమేమిటి? జ్వరం వచ్చిందా? దెబ్బ తగిలిందా? దాచకుండా రాయి.

మాలిస్

*

ప్రెక్ త్రల్
1 సెప్టెంబరు 1999

మాలిస్ తల్లీ,

కూర వచ్చింది. మీ అత్త నీ ఉత్తరం ఇరుగమ్మకీ పొరుగమ్మకీ కూడా చదివి వినిపించింది. ఇప్పుడు వాళ్ళంతా సాయంత్రం దీపం పట్టుకుని వచ్చి నా మొండి చూసిపోతున్నారు. అద్దంతో పని లేకుండా పోయింది.

ఎడమకాలు వణికిందని నేనెప్పుడు రాశాను? మంచి కాలు వణికిందన్నాను. మంచి కాలంటే కొత్తది! రెండింట్లో మంచిదేదో నువ్వే చెప్పు. ఎడమది నాతోపాటే పుట్టింది. మోకాలు కిర్రుమంటుంది, మడమ బీటలు, వాన పడేముందు నొప్పి. కుడిదాని బరువు కూడా ఇన్నాళ్ళూ అదే మోసి మోసి అరిగిపోయింది. కొత్తదేమో నిగనిగలాడుతూ ఉంటుంది, దోమ కుట్టదు, ముల్లు గుచ్చుకోదు, మీ కేంద్రంవాళ్ళు దాన్ని అంత శ్రద్ధగా చేసిచ్చారు. నువ్వు మంచి కాలి మీద బరువు వెయ్యమంటే నేను ఎడమదాని మీద వేస్తానా? నాకు మర్యాద తెలుసు.

కాబట్టి జులై నుంచీ అన్నీ కొత్త కాలి మీదే చేస్తున్నాను. మొదట్లో స్తంభాన్ని కావలించుకుని లేచేవాణ్ణి, ఇప్పుడు రెండు వేళ్ళు ఆనిస్తే చాలు. ఇరుగమ్మ మాత్రం మొండి చివర రేగుపండంత ఎర్రటి మచ్చ ఉందని అంటోంది. ఆవిడకి చత్వారం, పట్టించుకోకు.

ఏది మంచిదో తెలిసిన
మావయ్య

*

బత్తంబాంగ్
13 సెప్టెంబరు 1999

మావయ్యా,

ఈ ఉత్తరం అందిన క్షణం నుంచీ కాలు విప్పి పక్కన పెట్టు. ఆ మచ్చ పూర్తిగా మానేదాకా తొడగకు. పుండు పడితే పందెం కాదు కదా, ఈ ఏడంతా మంచం మీదే. కాలు విప్పినప్పుడు కూడా కసరత్తు మానక్కర్లేదు. పక్కకి పడుకుని తొడ పైకెత్తు. బోర్లా పడుకుని వెనక్కి ఎత్తు. మొండి కింద చుట్టిన దుప్పటి పెట్టుకుని నడుము లేపు. తిరిగి తొడిగినప్పుడు లోపల మేజోడు పొడిగా ఉండాలి, చెమట పట్టగానే మార్చు. ఆ తర్వాత రెండు కాళ్ళ మీదా సమానంగా చెయ్యి.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి.

నీ ఉత్తరం చదివి ఇక్కడ అందరం నవ్వలేక చచ్చాం. తర్వాత నేను గుండ్లు సర్దే వంకతో మూలకి పోయి ఏడ్చాను. ఇక్కడికి వచ్చేవాళ్ళు కొత్త కాలు తొడుక్కున్న రోజు దానివైపు చూడరు. ప్యాంటు కిందికి లాక్కుంటారు. దాని మీద బరువు వెయ్యమంటే వెయ్యరు, బరువంతా రెండోదాని మీదే మోపుతారు. తెగినవైపు మిగిలిన తొడ సన్నబడి సన్నబడి తాడులా అయిపోతుంది. దానికి పని చెప్పించడానికి నేను బతిమాలతాను, బెదిరిస్తాను, ఒక్కోసారి లంచంగా మామిడికాయ కూడా ఇస్తాను. కొత్తదాన్ని "మంచి కాలు" అన్నవాణ్ణి మాత్రం నిన్నొక్కణ్ణే చూశాను. నేను చెప్పిందాన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, నేను రాయాల్సిన దాన్నే చేశావు. ఇకమీదట నేను కూడా ఆ మాట వాడను, ఎడమ కుడి అనే రాస్తాను.

రెండు దారాలు తీసుకుని రెండు తొడలూ కొలిచి, ముక్కలు నాకు పంపు.

మాలిస్

*

ప్రెక్ త్రల్
15 అక్టోబరు 1999

మాలిస్ తల్లీ,

దారాలు ఇందులో పెట్టాను. రెండూ దాదాపు ఒకే పొడుగు కాబట్టి ఒకే తొడని రెండుసార్లు కొలిచానని అనుకుంటావు. మీ అత్త ఎదురుగా నిలబడి కొలిపించింది, కావలిస్తే ఆవిణ్ణి అడుగు. మచ్చ మానింది.

ఇక చెడ్డ కబురు. ప్చుమ్ బెన్ అయిన మర్నాడు తెడ్డు పట్టుకుని రేవుకి వెళ్ళాను. పడవ ఎక్కబోతుంటే లున్ తాత ఆపాడు. "పడవతల్లి మీదికి చెప్పులతో ఎవరూ ఎక్కరు నాయనా" అన్నాడు. "చెప్పులు విప్పేశాను తాతా, ఇది పాదం" అన్నాను. "రబ్బరుది చెప్పవుతుంది గానీ పాదమెలా అవుతుంది?" అన్నాడు. అక్కడితో ఊరు రెండయింది. చెప్పన్నవాళ్ళు ఒకవైపు, పాదమన్నవాళ్ళు ఒకవైపు. పందెం మాట అందరూ మర్చిపోయారు. చివరికి ఆచారి గారి దగ్గరికి పోయాం. ఆయన మూడు పూటలు ఆలోచించారు.

"ఒరే యోయెన్, విహారం మెట్లెక్కేముందు నువ్వేం విప్పుతావు?"

"చెప్పులండీ."

"ఎన్ని?"

"రెండు."

"తర్వాత?"

"కాళ్ళు కడుక్కుంటానండీ."

"ఎన్ని?"

"రెండూనండీ. ఒక్కటే కడుక్కుని బుద్ధుడి ముందు కూర్చుంటే బావుండదు కదండీ."

ఆచారి గారు కళ్ళు మూసుకుని, "కడిగేది పాదం. విప్పేది చెప్పు. ఇది పాదమే" అని తీర్పు చెప్పారు. మీ అత్త అక్కడే ఏడ్చేసింది. పాదం గెలిచిందని ఊళ్ళో సగంమంది నన్ను భుజాల మీద మోసి పడవలో కూర్చోబెట్టారు.

ఇంత గొప్పగా ఎక్కానా, సగం దారిలో తడి చెక్క మీద ఆ పాదమే సర్రున జారింది. వెనకవాడి ఒళ్ళో వెల్లకిలా పడ్డాను. తెడ్డు ఏట్లో కొట్టుకుపోయింది. లున్ తాత తిట్టనైనా తిట్టలేదు. వచ్చి నా వీపు నిమిరి, "పర్వాలేదు నాయనా, పర్వాలేదు" అన్నాడు. అంతకంటే తెడ్డుతో కొట్టినా బావుండేది. పున్నమి వారంలో ఇంకొక్కసారి చూస్తానన్నాడు, అదీ ఆచారి గారి మొహం చూసి.

చేతుల్లో బలం ఉంది, నడుములో ఉంది, తొడలో కూడా ఉంది. అది ఆనడానికి చోటే లేదు. నాకు ఆ చోటు కావాలి మాలిస్. జెండా పట్టుకుని నిలబడలేను. నేను ఒడ్డున నిలబడి పడవ వెళ్ళిపోవడం చూడడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది, ఇంకొక ఏడు నావల్ల కాదు.

మావయ్య

*

బత్తంబాంగ్
21 అక్టోబరు 1999

మావయ్యా,

తొందరగా రాస్తున్నాను, వ్యాన్ బయట హారన్ కొడుతోంది.

పడవలో కాలు విప్పెయ్యి. రబ్బరు పాదం నడవడానికి చేసింది, తడి చెక్కని తన్నిపట్టి కూర్చోడానికి కాదు. నీ తొడకే అంత బలం వచ్చాక మధ్యలో అదెందుకు? నీ మోకాలు నీకుంది. మోకాలి కింద మొండి ఎక్కడికి వస్తుందో అక్కడ పడవ అడ్డచెక్కకి ఒక చెక్క దిమ్మ కట్టించు. దాని మీద చుట్టిన దుప్పటి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క. మొండిని దానికి ఆనించి తన్నిపట్టు. ఇంటికింద నేల మీద అలాగే దిమ్మ పెట్టుకుని రోజూ ట్యూబు లాగు. తొడ చుట్టూ క్రమా తువ్వాలు ఒక చుట్టు చుట్టి దిమ్మకి కట్టచ్చు. కానీ గట్టి ముడి వెయ్యకు! ఒక్క లాగుకి ఊడాలి. పడవ మునిగితే నువ్వు ఈదాలి కదా.

ఆచారి గారికి నా నమస్కారాలు. ఆయనకేం చెప్పుకుంటావో నీ ఇష్టం.

మాలిస్

*

బత్తంబాంగ్
19 నవంబరు 1999

మావయ్యా,

నాలుగు వారాలయింది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. చోటు వచ్చిందా? ముడి గట్టిగా వేశావా? అమ్మ ఉత్తరంలో "మీ అత్త చంకలో కాలు పెట్టుకుని ఊరంతా తిరుగుతోంది" అని మాత్రమే రాసింది. ఎవరి కాలు? ఎందుకు? ఇక్కడ అందరూ అడుగుతున్నారు. తోలుపట్టీ ఆవిడ నీ కోసం అగరొత్తులు వెలిగిస్తోంది.

మాలిస్

*

ప్రెక్ త్రల్
28 నవంబరు 1999

మాలిస్ తల్లీ,

రాయడానికి ఖాళీ దొరకలేదు. తెడ్డు వేసే చేతులు బొబ్బలెక్కి కలం పట్టనివ్వలేదు. ఇప్పుడే రాజధాని నుంచి వచ్చాం.

మొదట ఆచారి గారి సంగతి. కాలు విప్పి ఒడ్డున పెడతానంటే ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "మూడు పూటలు కూర్చుని అది పాదమని తేల్చానే! ఇప్పుడు ఒడ్డున పారేసిపోతావా? పాదాన్ని ఎవడన్నా ఒడ్డున పారేస్తాడురా? మళ్ళీ చెప్పే అవుతుంది!" అన్నారు. చెప్పు పక్షంవాళ్ళు చప్పట్లు కొట్టారు. మీ అత్త ముందుకొచ్చి, "పారెయ్యడం లేదండీ, నేను ఒళ్ళో పెట్టుకుంటాను, మొగుడి పాదం పెళ్ళాం ఒళ్ళో ఉంటే తప్పా?" అంది. తప్పు కాదన్నారు. కానీ కాలివేళ్ళు పడవతల్లి వైపు చూపించకూడదని షరతు పెట్టారు. దాంతో పడవ ఎటు తిరిగితే మీ అత్త కాలు అటు తిప్పకుండా ఇటు తిప్పుతూ కూర్చునేది. మీ అమ్మ రాసింది ఆ కాలు గురించే.

దిమ్మ పెట్టుకుని రెండోసారి ఎక్కాను. పంటు రేవు దాకా తెడ్డు ఆపలేదు. అక్కడ లున్ తాత "చాలు" అన్నా ఆపలేదు, వినపడనట్టు ఇంకాస్త దూరం లాగాను. ఆయన ఇక తప్పక నాకు మధ్య వరసలో కుడిపక్క చోటిచ్చాడు. ముడి ఒక్క లాగుకి ఊడేదే వేశాను, ఒట్టు.

ఇక పందెం. ఓడిపోయాం. కిందూరి విహారం పడవ ముక్కు ముందుకి పెట్టి గెలిచింది. ఏం జనం, ఏం కేకలు! నాకు అవేవీ వినపడలేదు. ముందువాడి వీపూ, నా తెడ్డూ, దిమ్మని తన్నిపట్టిన నా కుడి తొడా, అంతే తెలిసింది. ఒంట్లో అన్నీ ఒకేసారి పనిచేస్తుంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను తల్లీ. గుర్తొచ్చింది.

ఒడ్డుకి చేరాక లున్ తాత అందరినీ ఇసకలో వరసగా నిలబెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి, వాడి తాతముత్తాతలతో సహా. నేను పక్కవాడి భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. మందుపాతర పేలిన దగ్గర్నుంచీ ఈ నాలుగేళ్ళలో నన్నెవరూ తిట్టలేదు. నువ్వూ మీ అత్తా లెక్కలోకి రారు. ఊళ్ళో వాళ్ళంతా నాయనా అంటారు, వీపు నిమురుతారు, పర్వాలేదంటారు. ఇప్పుడు కూడా ఆయన నా దగ్గరికొచ్చి ఆ మెత్తటి గొంతు తీస్తాడని గుండె చిక్కబట్టుకుని ఉన్నాను.

వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. పైనుంచి కిందికి చూశాడు.

"ఒరే యోయెన్ వెధవా! సగం దారిలో నిద్రపోయావట్రా? తెడ్డేశావా, గంజి కలిపావా? నీ మూలాన్నే కదరా కుడిపక్క మొత్తం లయ తప్పింది! వచ్చే ఏడు కూడా ఇలాగే ఏడిస్తే నిన్ను ఏట్లో తోసి, నీ పెళ్ళాన్ని ఎక్కించుకుంటా, అర్థమైందా?"

మాలిస్, నేను అందరిలాగే తల వంచుకుని నిలబడ్డాను. తల ఎత్తితే ఏడుస్తున్నానని తెలిసిపోతుంది. "అర్థమైంది తాతా" అన్నాను. ఆయన వినిపించుకోకుండా పక్కవాణ్ణి తిట్టడానికి వెళ్ళిపోయాడు.

వచ్చే ఏడు అన్నాడు, తల్లీ. అందరి ముందూ అన్నాడు.

లయ తప్పిన
మావయ్య